రోజుకు 450 పౌండ్లు, ఇన్‌సైడ్ ఐఆర్35: సంతకం పెట్టే ముందు ఏమేమి అడగవచ్చు?

స్వాతి_రెడింగ్:

అందరికీ నమస్కారం. మేము రెడింగ్‌లో ఉంటాం. నేను డేటా ఇంజినీరుగా పర్మనెంట్ ఉద్యోగం చేస్తున్నాను. జీతం 72,000 పౌండ్లు, కంపెనీ తరఫున పెన్షన్ 8 శాతం. నిరుడు ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) రావడంతో వీసా చిక్కు తీరిపోయింది. కాంట్రాక్టు పనులు మొదలుపెట్టాలని చాలాకాలంగా కోరిక.

ఇప్పుడు లీడ్స్‌లో ఒక పెద్ద బీమా సంస్థ నుంచి ఆరు నెలల కాంట్రాక్టు వచ్చింది. రోజుకు 450 పౌండ్లు, ఇన్‌సైడ్ ఐఆర్35 (అంటే ఐఆర్35 పన్ను చట్టం కింద ఉద్యోగిలాగే లెక్క; స్వతంత్రంగా పనిచేసినట్టు లెక్కిస్తే ఔట్‌సైడ్), ఏజెన్సీ జాబితాలో ఉన్న అంబ్రెల్లా కంపెనీ (కాంట్రాక్టరును తన ఉద్యోగిగా పెట్టుకుని జీతం ఇచ్చే మధ్యవర్తి సంస్థ) ద్వారానే చేరాలి. వారానికి రెండు రోజులు లీడ్స్ ఆఫీసులో ఉండాలి. శుక్రవారంలోగా సంతకం చేసి పంపకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామని ఏజెంటు రోజూ ఫోను చేస్తున్నాడు.

పద్నాలుగు పేజీల ఒప్పందం చదివాను. అర్థం కానివి ఇవి. పదో పేజీలో, నా బదులు మరొకరిని పనికి పంపే హక్కు నాకు ఉందని రాశారు. కానీ ఇంటర్వ్యూలో మేనేజరు చెప్పింది వేరు: టీం లీడ్ కింద పని, ఉదయం 9.15కి మీటింగు, సెలవు కావాలంటే రెండు వారాల ముందు అనుమతి, ల్యాప్‌టాప్ వాళ్లదే. క్లయింటు నన్ను ఏ రోజైనా ఆపేయవచ్చు, నేను మానుకోవాలంటే మాత్రం నాలుగు వారాల నోటీసు ఇవ్వాలి. దీనితోపాటు 2003 నాటి ఏవో ఏజెన్సీ నిబంధనలు నాకు వర్తించవద్దని ఒప్పుకుంటూ వేరే ఫారం మీద సంతకం అడుగుతున్నారు.

దీన్ని ఔట్‌సైడ్‌గా మార్చమని అడగవచ్చా? మార్చకపోతే ఇంకేమి అడగవచ్చు? నవంబరులో గుంటూరులో మా తమ్ముడి పెళ్లి, మూడు వారాలు వెళ్లాలి. మూడేళ్ల బాబు ఉన్నాడు. తొందరపడి ఉన్న ఉద్యోగం వదులుకోవాలని లేదు.

కిరణ్_స్లౌ:

నా మాట వింటే తీసుకోండి. మార్కెట్టు మందగించింది, నాకు తెలిసినవాళ్లు నెలల తరబడి ఖాళీగా ఉన్నారు. పెద్ద సంస్థలు ఇన్‌సైడ్ అని ఒకసారి అన్నాక మార్చవు. బేరం మొదలుపెడితే ఏజెంటు మరొకరికి ఇచ్చేస్తాడు. పైగా మొదటి కాంట్రాక్టు, సీవీలో పడితే చాలు.

శారద_బ్రాక్‌నెల్:

స్వాతి గారూ, శుక్రవారం గడువును పక్కన పెట్టండి. ఇంటర్వ్యూ చేసి మిమ్మల్ని ఎంచుకున్నది క్లయింటు. మళ్లీ మనిషిని వెతకడం ఆ ఏజెంటుకూ ఖర్చే. 2011 నుంచి ఈ పనిలో ఉన్నాను, శుక్రవారం గడువు పెట్టని ఏజెంటును నేను చూడలేదు. సోమవారం జవాబిచ్చినా కాంట్రాక్టు అక్కడే ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం, 450 మీ జీతం కాదు. అది ఏజెన్సీ అంబ్రెల్లా కంపెనీకి చెల్లించే మొత్తం. యజమాని తన వంతుగా కట్టవలసిన నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రతా చందా) కూడా అందులోంచే పోతుంది. 2025 ఏప్రిల్ నుంచి అది 15 శాతం, వారానికి 96 పౌండ్లు దాటిన ప్రతి పౌండు మీదా. దానికి తోడు వేతనం మీద అప్రెంటిస్‌షిప్ లెవీ అనే పన్ను అర శాతం, అంబ్రెల్లా వాళ్ల రుసుము. మీ లెక్క వేసి చూశాను. వారానికి 2,250. రుసుము 25 అనుకుంటే, యజమాని ఇన్సూరెన్సుకు సుమారు 276, లెవీకి దాదాపు 10 పోతాయి. మీ స్థూల వేతనం 1,939 అవుతుంది, అంటే రోజుకు 388. అందులోనూ సెలవు జీతం 12.07 శాతం కలిసే ఉంటుంది. అది తీసేస్తే మీ అసలు రోజు కూలి 346 పౌండ్లు. మీ వంతు పన్ను, ఇన్సూరెన్సు ఇంకా కోయనే లేదు. కోశాక వారానికి చేతికి వచ్చేది 1,325 దరిదాపుల్లో ఉంటుంది.

ఇప్పుడు మీ ఉద్యోగంతో పోల్చండి. ఏడాదికి 46 వారాలు పని దొరికితే స్థూలంగా సుమారు 89,000. మధ్యలో ఒక నెల ఖాళీ వచ్చిందంటే 81,000. మీకు ఇప్పుడు జీతం, కంపెనీ పెన్షన్ కలిపితే 77,760 వస్తోంది. జబ్బు చేస్తే జీతం ఉంది, తీసేస్తే పరిహారం ఉంది. ఇంతవరకూ కాంట్రాక్టే కాస్త మేలు. కానీ లీడ్స్ ప్రయాణం ఎవరి జేబులోంచి? 2016 ఏప్రిల్ నుంచి, క్లయింటు అజమాయిషీ కింద అంబ్రెల్లా ద్వారా పనిచేసేవాళ్లకు ఇంటి నుంచి పనిచోటికి అయ్యే ఖర్చు మీద పన్ను మినహాయింపు లేదు. రెడింగ్ నుంచి లండన్ మీదుగా లీడ్స్, ఒక రాత్రి హోటలు: వారానికి 200 పౌండ్లే అనుకున్నా ఏడాదికి 9,000. అదీ పన్ను కట్టాక మిగిలిన డబ్బు. మీరున్న పన్ను శ్లాబులో చేతికి 9,000 రావాలంటే 15,500 సంపాదించాలి. అంటే 450 రేటుకు ఒక్క రోజు ఖాళీ లేకుండా పనిచేసినా మీరు ఇప్పుడున్నచోటు కంటే కిందికే దిగుతారు. సీవీలో పడితే చాలన్న కిరణ్ గారి మాటతో అందుకే నేను ఏకీభవించను.

ఔట్‌సైడ్ సంగతి. ఈ చట్టం 2000లో వచ్చినప్పుడు ఏ వర్గమో తేల్చుకునే బాధ్యత కాంట్రాక్టరు సొంత కంపెనీదే. 2017లో ప్రభుత్వ సంస్థల విషయంలో, 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు రంగంలోని పెద్ద, మధ్యతరహా సంస్థల విషయంలో ఆ నిర్ణయం క్లయింటు చేతికి వెళ్లింది. సొంత కంపెనీ ద్వారా పనిచేసేవాళ్లకు ఆ నిర్ణయాన్ని కారణాలతో సహా ఒక పత్రంగా ఇవ్వాలి. ఎస్‌డీఎస్ అంటారు. అది మీ చేతికి వచ్చిందా? రాకపోతే అడగండి. 'మా దగ్గర కాంట్రాక్టర్లందరూ ఇన్‌సైడే' అని ఒకే ముక్క రాసి పంపితే అది తగిన శ్రద్ధతో చేసిన నిర్ణయం కిందికి రాదు. ఆ పత్రం మీద లిఖితపూర్వకంగా అభ్యంతరం చెబితే 45 రోజుల్లో జవాబివ్వాలి.

అయితే మీ విషయంలో ఆ పోరాటం వద్దని నా సలహా. కోర్టులు ఇప్పటికీ 1968 నాటి రెడీ మిక్స్‌డ్ కాంక్రీట్ కేసు నుంచే మొదలుపెడతాయి. కంపెనీ సరుకును తన సొంత లారీలో చేరవేసే డ్రైవరు ఉద్యోగా, స్వతంత్రుడా అన్నది అక్కడ ప్రశ్న. పని స్వయంగా తానే చేయాలా, ఎలా చేయాలో అవతలివాళ్లు శాసించగలరా, మిగతా షరతులు ఉద్యోగానికి సరిపోతున్నాయా అని చూశారు. అవసరమైతే వేరే డ్రైవరును పెట్టుకునే హక్కు అతనికి ఉంది, లారీ తాలూకు లాభనష్టాలూ అతనివే. ఉద్యోగి కాదని తీర్పు వచ్చింది. మీ సంగతి చూడండి. టీం లీడ్ ఉన్నాడు, 9.15 మీటింగు ఉంది, సెలవుకు అనుమతి ఉంది, ల్యాప్‌టాప్ వాళ్లది. రేపు మీ బదులు మీ స్నేహితురాలిని పంపితే గేటు దగ్గర పాసు కూడా ఇవ్వరు. పదో పేజీలో ఏమి రాసినా జరిగేదాన్నే చూస్తారు. ఇది నిజంగానే ఇన్‌సైడ్ పని. లేని హోదా కోసం వాదించి అలసిపోవడం కంటే, ఆ హోదాకు తగిన ధర అడగండి.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, ఏజెంటు ఎందుకు పెడతాడు? రేటు 500 అడగండి. 'నాకు ఎక్కువ కావాలి' అనకండి. '450లో యజమాని ఇన్సూరెన్సు పోతే స్థూల వేతనం 388, లీడ్స్ ప్రయాణానికి మినహాయింపు లేదు' అని లెక్క మెయిల్‌లో రాసి పంపండి. ఫోనులో వద్దు. ఫోనులో ఏజెంటు గొంతు పెంచుతాడు, మెయిల్‌లో అంకె పెంచవలసి వస్తుంది. బడ్జెటు లేదంటే తన కమిషన్ ఎంత శాతమో అడగండి. చెప్పకపోవచ్చు, కానీ అడిగాక చాలామంది తమ వాటాలోంచి పది పదిహేను పౌండ్లు వదులుతారు.

దానికంటే ముఖ్యం ఆఫీసు రోజులు. వారానికి రెండు రోజులను రెండు వారాలకోసారి చేయించగలిగితే ఏడాదికి 4,500 పౌండ్లు మీ దగ్గరే ఉంటాయి, క్లయింటుకు పైసా ఖర్చు లేదు. ఇది ఏజెంటును కాదు, మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసిన మేనేజరును అడగవలసిన మాట.

నోటీసు రెండు వైపులా సమానంగా ఉండాలని పట్టుబట్టండి. వాళ్లు ఏ రోజైనా ఆపేయవచ్చు, మీరు మాత్రం నాలుగు వారాలు ఆగాలన్నది అన్యాయం. వాళ్లు నాలుగు వారాల నోటీసుకు ఒప్పుకున్నా, 'పని ఇవ్వని రోజులకు చెల్లింపు ఉండదు' అన్న వాక్యం మరెక్కడైనా ఉందేమో వెతకండి. ఆ వాక్యం ఉంటే ఆ నోటీసుకు విలువ లేనట్లే.

ఇక ఆ 2003 ఫారం. దాని మీద సంతకం పెట్టకండి. నాకు కోపం తెప్పించేది ఇదే. ఆ నిబంధనల కింద, క్లయింటు టైంషీటు మీద సంతకం చేయలేదని గానీ క్లయింటు డబ్బు కట్టలేదని గానీ ఏజెన్సీ మీ చెల్లింపు ఆపడానికి వీల్లేదు. రేపు అదే క్లయింటు మిమ్మల్ని నేరుగా తీసుకోవాలనుకుంటే, పని మొదలైన 14 వారాలు, పని ముగిసిన 8 వారాలు, ఈ రెండింటిలో ఏది ఆలస్యమైతే అది దాటాక ఏజెన్సీ రుసుము అడగలేదు. ఈ రక్షణలన్నీ ఒక్క సంతకంతో వదులుకోమంటున్నారు. ఆ సంతకం పెడితేనే పని ఇప్పిస్తామనడం నిబంధనలకే విరుద్ధం. పైగా ఆ నోటీసు మిమ్మల్ని క్లయింటుకు పరిచయం చేయకముందే ఇవ్వాలి. మీ ఇంటర్వ్యూ ఎప్పుడో అయిపోయింది. ఒకసారి ఒక ఏజెన్సీ, టైంషీటు మీద మేనేజరు సంతకం లేదంటూ నా నెల డబ్బు ఆపింది. ఆయన ఉద్యోగం మారి వెళ్లిపోయాడు. ఆ ఫారం మీద నా సంతకం లేదు కాబట్టి నిబంధన సంఖ్య రాసి ఒక్క మెయిల్ పంపాను, ఆ వారంలోనే డబ్బు పడింది.

పెళ్లి సెలవు గురించి కూడా ఇప్పుడే రాతలో పెట్టించండి, తేదీలతో సహా.

లెక్కలు_హారో:

శారద గారి అంకెలు సరైనవే. అంబ్రెల్లా గురించి నేను చెబుతాను. వృత్తిరీత్యా రోజూ చూసే విషయం.

2020 ఏప్రిల్ నుంచి, షరతులకు ఒప్పుకునే ముందే ఏజెన్సీ మీకు కీలక సమాచార పత్రం ఇవ్వాలి. రెండు పేజీలకు మించదు. మీ రేటులోంచి ఏమేమి పోతాయో, చేతికి ఎంత వస్తుందో ఒక నమూనా లెక్క అందులో ఉంటుంది. ఇవ్వలేదంటే అడగండి, అది మీ హక్కు.

చేతికి 80, 85 శాతం వస్తుందని ఏ అంబ్రెల్లా అయినా చెబితే అక్కడితో ఫోను పెట్టేయండి. కనీస వేతనం మాత్రం జీతంగా చూపించి, మిగతాది అప్పు అనో గ్రాంటు అనో ఇస్తారు. పన్ను శాఖ హెచ్‌ఎంఆర్‌సీ ఏళ్ల తర్వాత వచ్చి ఆ పన్ను మీ దగ్గరే వసూలు చేస్తుంది. ఇలాంటి పథకాల పేర్లు వాళ్ల వెబ్‌సైటులోనే ప్రచురిస్తారు, వెతికి చూడండి. 2026 ఏప్రిల్ 6 నుంచి అంబ్రెల్లా పన్ను ఎగ్గొడితే ఆ బాకీకి ఏజెన్సీ కూడా బాధ్యత వహించాలి. అందువల్ల ఏజెన్సీలు తమ జాబితా బయటివాళ్లను ఒప్పుకోవడానికి వెనకాడుతున్నాయి. జాబితాలోనే మూడు నాలుగు కంపెనీలు ఉంటే రుసుము, పెన్షన్ సౌకర్యం చూసి మీరు ఎంచుకోండి.

పెన్షన్ అని ఊరికే అనడం లేదు. జీతంలోంచి కోత పెట్టి పెన్షన్‌కు పంపే పద్ధతి ఉంటే ఆ మొత్తం మీద మీ పన్ను, మీ ఇన్సూరెన్సుతో పాటు యజమాని 15 శాతం కూడా మిగులుతుంది. మీ రేటులోంచి పోయేదే కాబట్టి ఆ మిగులు మీకే రావాలి. కొన్ని అంబ్రెల్లాలు దాన్ని తామే ఉంచుకుంటాయి, ముందే అడగండి. మీకు మూడేళ్ల బాబు ఉన్నాడు. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరి ఆదాయం 100,000 పౌండ్లు దాటినా ఆ ఏడాదికి 30 గంటల ఉచిత సంరక్షణ పోతుంది. 100,000 నుంచి 125,140 వరకు వ్యక్తిగత మినహాయింపు కూడా కరిగిపోతూ, ఆ ముక్క మీద ఆదాయపు పన్నే 60 శాతం పడినట్టవుతుంది. రేటు 520 దాకా వెళితే, 46 వారాల పనికి మీరు ఆ గీత దాటతారు. అప్పుడు పైమొత్తాన్ని పెన్షన్‌కు పంపడమే దారి.

శారద_బ్రాక్‌నెల్:

30 గంటల మాట చెప్పి మంచిపని చేశారు, నాకు తట్టలేదు. ఔట్‌సైడ్ కావాలని స్వాతి గారికి నిజంగా ఉంటే, చిన్న సంస్థల వైపు చూడాలి. యాభై మందికి మించని ఉద్యోగులు, టర్నోవరు, ఆస్తుల పరిమితి, ఈ మూడింటిలో రెండు సరిపోతే అది చిన్న సంస్థ. అక్కడ నిర్ణయం మళ్లీ మీ సొంత కంపెనీదే, బాధ్యతా మీదే. పనిని రోజుల్లో కాకుండా ముక్కలుగా ఒప్పుకోండి. ఫలానా డేటాను ఫలానా చోటికి తరలించి అప్పగిస్తాం, తప్పులుంటే మా ఖర్చుతో సరిచేస్తాం, ఇలా. ముక్కలుగా ఒప్పుకున్నంత మాత్రాన గట్టెక్కినట్టు కాదు. ఫుట్‌బాల్ రిఫరీల కేసులో 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, ఒక్కో మ్యాచ్‌కు విడిగా కుదిరిన ఒప్పందంలో కూడా ఉద్యోగ లక్షణాలు ఉండవచ్చని చెప్పింది.

ఔట్‌సైడ్ ఒప్పందాల్లో నేను ఎర్ర సిరాతో కొట్టేసే వాక్యం ఒకటుంది: భవిష్యత్తులో ఏ పన్ను బాకీ తేలినా కాంట్రాక్టరే ఏజెన్సీకి చెల్లించాలి అనేది. 2021 తర్వాత పెద్ద క్లయింటు నిర్ణయం తప్పయితే చట్టం ముందు అడిగేది మిమ్మల్ని కాదు. ఆ భారాన్ని ఒప్పందం ద్వారా తిరిగి మీ నెత్తిన పెట్టాలని చూస్తారు.

అనిల్_మిల్టన్‌కీన్స్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది స్కిల్డ్ వర్కర్ వీసా, మా ఆవిడ డిపెండెంట్. మేమిద్దరం ఇలాంటివి చేయవచ్చా?

లెక్కలు_హారో:

మీ భార్య చేయవచ్చు. అంబ్రెల్లా ద్వారా గానీ సొంత కంపెనీ పెట్టి గానీ పనిచేయడానికి డిపెండెంట్ వీసా అడ్డు రాదు. మీరు వద్దు. మీ వీసా స్పాన్సరు దగ్గర చేసే ఉద్యోగంతో ముడిపడి ఉంది. దాన్ని వదిలి కాంట్రాక్టుకు వెళితే ఐఎల్ఆర్ లెక్కే చెడిపోతుంది.

స్వాతి_రెడింగ్:

అందరికీ కృతజ్ఞతలు. శారద గారు చెప్పినట్టే లెక్క రాసి మెయిల్ పంపాను. ఏజెంటు వెంటనే ఫోను చేసి, క్లయింటు ఒప్పుకోడు, చాలామంది వరసలో ఉన్నారు అన్నాడు. జవాబు మెయిల్‌లోనే ఇవ్వమన్నాను. శుక్రవారం గడిచిపోయింది, ఎవరికీ ఇవ్వలేదు. మంగళవారం 480 అని రాశాడు. మేనేజరుతో విడిగా మాట్లాడితే ఆఫీసుకు రెండు వారాలకోసారి, వరుసగా రెండు రోజులు వస్తే చాలన్నారు. నోటీసు రెండు వైపులా రెండు వారాలు. 'పని ఇవ్వని రోజులకు చెల్లింపు లేదు' అన్న వాక్యం పన్నెండో పేజీలో నిజంగానే ఉంది, నోటీసు కాలానికి అది వర్తించదని ఒక వరుస చేర్పించాను. 2003 ఫారం మీద సంతకం పెట్టనని చెబితే ఇంకేమీ అనలేదు. కదలనిది ఒక్కటే, ఎస్‌డీఎస్. వచ్చింది కానీ కారణాలు రెండు వాక్యాలే. మీ మాట ప్రకారం దాన్ని అలాగే వదిలేస్తున్నాను.

480కి స్థూలంగా వారానికి 2,069, 46 వారాలకు సుమారు 95,000 అని లెక్క తేలింది. సరిగ్గానే వేశానా? పెళ్లి సెలవు తేదీలు కూడా రాతలో పెట్టించాను. రేపు సంతకం చేస్తున్నాను.

శారద_బ్రాక్‌నెల్:

లెక్క సరిగ్గా ఉంది. చాలా సంతోషంగా ఉంది స్వాతి గారూ.

పాత కంపెనీ ఇచ్చే పీ45 (అప్పటివరకు మీ జీతం, పన్ను వివరాల పత్రం) మొదటి జీతం కంటే ముందే అంబ్రెల్లాకు పంపండి. లేకపోతే తాత్కాలిక పన్ను కోడ్ వేస్తారు, సరిదిద్దించుకోవడానికి వారాలు పడుతుంది. మొదటి పేస్లిప్పుతో పాటు, ఏజెన్సీ ఇచ్చిన మొత్తం నుంచి మీ స్థూల వేతనం దాకా వచ్చే వివరాల పట్టీ కూడా అడగండి. సెలవు జీతం వారం వారం ఇచ్చేస్తారా, దాచిపెడతారా అన్నది రేపు సంతకానికి ముందే తేల్చుకోండి. దాచే పద్ధతి అయితే నవంబరులో బయలుదేరే ముందు మీరే రాసి అడగాలి, వాళ్లంతట వాళ్లు పంపరు. సెలవు ఏడాది ముగిసేలోగా అడగని సొమ్ము తమదేనని రాసుకున్న అంబ్రెల్లాలు ఉన్నాయి, ఆ షరతు ఉందేమో చూడండి.